బూడిద తడవలేదు

బోనెట్టు ఎత్తకుండా, పది గజాల దూరంలో నిలబడి టీ తాగుతూ, లారీలో నీళ్లు ఎక్కడ కారుతున్నాయో చెప్పగలిగిన మేస్త్రీ విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా ఒక్కడే ఉండేవాడు. ఆ ఒక్కడు నేనే. ముగ్గురు మేస్త్రీలు పదకొండు రోజులు వెతికి వదిలేసిన లీకును నేను పావుగంటలో పట్టాను. వాళ్లు రేడియేటరును నీళ్ల తొట్టిలో ముంచి బుడగల కోసం కళ్లు చిట్లించుకుని చూస్తుంటే, బుడగ రాకముందే చిల్లు మీద వేలు పెట్టి "ఇదుగో" అన్నాను.

యాభై ఏళ్లకు పైగా ఈ కథ చెబుతున్నాను. మొదట్లో ఇందులో ఒక్క మేస్త్రీయే ఉండేవాడు. మా అమ్మాయికి పెళ్లీడు వచ్చేసరికి ఇద్దరయ్యారు. జుట్టు నెరిసేసరికి ముగ్గురయ్యారు. రోజులు కూడా నాలుగు నుంచి పదకొండుకు పెరిగాయి. టీ గ్లాసు మాత్రం ఈ మధ్యే చేర్చాను.

ఇప్పుడు మీ కుర్ర మెకానిక్కులంతా కలిసి పుస్తకం వేస్తున్నాం, ఆ లీకు కథ రాసివ్వండి తాతగారూ అన్నారు. సరే అని కూర్చున్నాను. నోటితో చెప్పేటప్పుడు ఎదుటివాళ్ల మొహాలు చూసి కథ పెంచుకోవచ్చు. కాగితానికి మొహం లేదు. మొదటి పేరా రాయగానే నాకే సిగ్గేసింది. కాబట్టి అసలు సంగతి రాస్తాను, మీకు ఇష్టమైతే అచ్చు వేసుకోండి. ముగ్గురు మేస్త్రీలు లేరు. ఉన్నది మా పెద్ద మేస్త్రీ ఒక్కడే, ఆయనకీ కళ్లలో పువ్వులు పడ్డాయి. నేను టీ తాగలేదు. బుడగ రాకముందే వేలు పెట్టిన మాట మాత్రం నిజం. మొత్తం కథలో నిజమైన ముక్క అదొక్కటే. అది ఎలా నిజమయిందో మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అరవైలు ముగిసిపోతున్న రోజులవి. విజయనగరంలో సాలూరు రోడ్డు మీద మా పెద్ద మేస్త్రీకి ఒక షెడ్డు ఉండేది. నాలుగు తాటి దూలాలు, పైన రేకులు, కింద నల్లగా నూనె తాగిన నేల. నేను ఆయన కింద రెండో మేస్త్రీని. మా పనిలో సగానికి పైగా ఒక్క సావుకారు లారీలదే. ఆయనకు బియ్యం మిల్లు ఉండేది. సాలూరు ఘాటీ మీదుగా బియ్యం, బెల్లం కొండమీదికి పంపి, చింతపండు, అడ్డాకులు కిందికి తెప్పించేవాడు.

వాటిలో ఒక లారీ వయసు ఎంతో ఎవరికీ తెలియదు. మైలు మీటరు మూడుసార్లు తిరిగి సున్నాకు వచ్చిందని దాని డ్రైవరు చెప్పేవాడు. నాలుగోసారి తిరిగే ఓపిక లేక మధ్యలో ఆగిపోయింది. వేడి చూపించే ముల్లు ఎప్పుడో విరిగింది. ఇంజను కాగుతోందో లేదో డ్రైవరుకు అరికాళ్లే చెప్పాలి.

డ్రైవరుది నరసన్నపేట దగ్గర మా ఆవిడ పుట్టిన పల్లె. రక్తసంబంధం లేదు కానీ ఒకే వీధి. అందుకని ఆవిడ ఆయన్ని అన్నా అనేది. ఆయనా నేనూ ఒకళ్లనొకళ్లం బావా అనుకునేవాళ్లం. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. లారీ పక్కన కొక్కేనికి ఒక బొక్కెన వేలాడుతుండేది. ఘాటీ మొదట్లో ఒక ఊట ఉంది, అక్కడ ఆగి ఆ బొక్కెనతో నీళ్లు పట్టి, ముందు తను దోసెడు తాగి, తర్వాత రేడియేటరులో పోసేవాడు. తను తాగలేని నీళ్లు లారీకి పోయడు. చవిటి నీళ్లు పోసే డ్రైవర్లను చూస్తే తిట్టేవాడు. మేమంతా నవ్వేవాళ్లం.

ఒకరోజు ఉదయం ఆయన లారీ తెచ్చి షెడ్డు ముందు ఆపి, "నీళ్లు తాగీస్తన్నాది బావా. ఊట కాడ నిండా పోస్తే కొండ మీదకెల్లేసరికి సగం లేవు. ఏటో సూడు" అన్నాడు. అలా చెప్పి హోటలుకు తిండికి వెళ్లాడు. పెద్ద మేస్త్రీ ఆ రెండు రోజులూ బొబ్బిలిలో కూతురింట్లో ఉన్నాడు. షెడ్డులో నేనే పెద్ద.

ఇక్కడ కాస్త గొప్ప చెప్పుకోనివ్వండి, ఇది నిఖార్సయిన గొప్ప. మీరు ఇప్పుడు తీగ తగిలించి తెర మీద చూస్తారు. నేను చేత్తో తడిమాను. గొట్టాలు, పంపు, అన్నీ పొడిగా ఉన్నాయి. ఫ్యాను వెనక, రేడియేటరు కింది మూలలో, బిగింపు పట్టీ రాసుకుని రాసుకుని సన్నని రాగి గొట్టం అరిగిపోయిన చోట కందిగింజంత పచ్చటి చిలుము మరక కనబడింది. నీళ్లు ఆరినచోట అలా చిలుము పడుతుంది. పావుగంట పట్టింది. నా కథలో పావుగంట కూడా అబద్ధం కాదన్నమాట. కాకపోతే అది మొదటిరోజు పావుగంట.

ఆ చిల్లుకు మందు ఒకటే. రేడియేటరు ఊడదీసి, తగరంతో మాటు వేయాలి. రెండు రోజుల పని. అంతలో సావుకారు మిల్లు నుంచి కబురు వచ్చింది, బియ్యం కట్టి ఉంది, మధ్యాహ్నానికి లారీ బయల్దేరాలని. ఆ ముందు వారమే సావుకారు నా భుజం మీద చెయ్యేసి, ముసలాయనకు చూపు పోయింది, నీ చెయ్యి చురుకు, రేపో మాపో ఈ షెడ్డు నీదేనన్నాడు. ఆ చెయ్యి బరువు ఇంకా భుజం మీదే ఉంది. రెండు రోజులు ఆగమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మా ప్రాంతంలో డ్రైవర్లకు ఒక మందు తెలుసు. ఉలవపిండి. రేడియేటరులో వేస్తే వేడినీళ్లకు ఉబ్బి, జిగురెక్కి, చిల్లులో చేరి బిగుసుకుంటుంది. దారిలో ఆగిపోయినవాడికి ఇల్లు చేరడానికి అది చాలు. మా పెద్ద మేస్త్రీకి మాత్రం ఆ పేరెత్తితే ఒళ్లు మండేది. ఆ పిండి చిల్లుతో ఆగదని, మిగతా గొట్టాల్లో కూడా చేరి గడ్డ కడుతుందని చెప్పేవాడు. "తినేది ఏదీ బండిలో పడకూడదు. ఏసినోడు ఆ రోజే నా షెడ్డు నుంచి ఎల్లిపోవాల" అని నేను పనిలో చేరిన రోజే చెప్పాడు.

నేను ఇంటికెళ్లి మా ఆవిడను అడిగి ఉలవపిండి తెచ్చాను. వేసింది ఒక్క పిడికెడు. డ్రైవరు తిండి తిని వచ్చేసరికి మూత బిగించేశాను. గొట్టం పట్టీ వదులైంది, బిగించానని చెప్పాను. ఆయన నమ్మి, నా వీపు మీద ఒకటి చరిచి వెళ్లాడు.

రెండు ట్రిప్పులు బాగానే నడిచింది. మూడో ట్రిప్పు తర్వాత మళ్లీ వచ్చాడు. ఈసారి నీళ్లు తాగడమే కాదు, ఘాటీ సగంలో మరిగిపోతోంది కూడా. పెద్ద మేస్త్రీ షెడ్డులోనే ఉన్నాడు. చూపు తగ్గాక ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. మిల్లు నుంచి ఊక బూడిద తెప్పించి, సాయంత్రం లారీ కింద దుప్పటి పరిచినట్టు పరిపించేవాడు. తెల్లారి లారీ తోయించి చూస్తే, ఎక్కడ చుక్క పడితే అక్కడ బూడిద మీద నల్లటి మచ్చ ఉంటుంది. వేళ్లతో తడిమినా తెలిసిపోతుంది. ఆ మచ్చను బట్టి పైన ఎక్కడ కారుతోందో చెప్పేవాడు. చాలాసార్లు చెప్పాడు కూడా.

ఆ లారీ కింద బూడిద తడవలేదు.

మర్నాడు మళ్లీ పరిపించాడు. మళ్లీ తడవలేదు. పంపు విప్పాం, బాగుంది. నూనె తీసి వేళ్ల మధ్య రుద్ది చూశాం, నీళ్లు కలిస్తే మజ్జిగలా తెల్లబడాలి, తెల్లబడలేదు. ఈ వెతుకులాటలో పెద్ద మేస్త్రీ కంటే నేనే ఎక్కువ చెమటోడ్చాను. మొదటి చిల్లు పిండితో పూడిపోయిందనీ, ఇంకెక్కడో కొత్త చిల్లు పడిందనీ నేను నిజంగానే అనుకున్నాను. ఇవాళ అయితే ఇట్టే చెప్పగలను. లారీ చల్లగా నిలబడి ఉన్నంతసేపూ పిండి చిల్లును పట్టుకుని ఉంటోంది. బరువుతో ఘాటీ ఎక్కేటప్పుడు వేడికి జారి చిల్లు తెరుచుకుంటోంది. చిమ్మిన నీటిని ఫ్యాను గాలి ఊదేస్తోంది. బూడిదకు చుక్క మిగలదు. నా పిడికెడు పిండి పెద్ద మేస్త్రీ బూడిద చేత అబద్ధం చెప్పించింది.

డ్రైవరు మూడోసారి వచ్చినప్పుడు పెద్ద మేస్త్రీకి విసుగొచ్చింది. ఊట దగ్గర ఆగడానికి బద్ధకించి షెడ్డు మీద పడి ఏడుస్తున్నావన్నాడు. ఆ మాట డ్రైవరుకు తగిలింది. ఆయన కోపం కూడా మెల్లగానే ఉండేది. "నీ బూడిదని ఓసారి ఘాటీ ఎక్కించు మేస్త్రీ. అప్పుడు సెప్తాది" అన్నాడు.

షెడ్డులో ఉన్నవాళ్లం అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. పిల్లలూ, ఆ మాటలోనే మందు ఉంది. లీకును అది కారే చోట, కారే వేడిలో, కారే బరువుతో వెతకాలి. ఒక డ్రైవరు ఆ ముక్క చెబితే ఇద్దరు మేస్త్రీలం నవ్వేశాం.

ఆ తర్వాతి ట్రిప్పులో ఇంజను పట్టేసింది. ఏజెన్సీలో నక్సలైట్ల గొడవల రోజులు కావడంతో దారిలో పోలీసులు లారీలను ఆపి మూటలు విప్పించి చూసేవాళ్లు. కాగి ఉన్న ఇంజనుతో గంటసేపు ఎండలో నిలబెట్టారట. వదిలాక మైలు కూడా ఎక్కలేదు. ఇంజను హెడ్డు పగిలింది. వేరే లారీకి గొలుసు కట్టి కిందికి లాక్కొచ్చారు. డ్రైవరు దాని స్టీరింగు పట్టుకుని ఘాటీ అంతా దిగి, సాలూరు మీదుగా షెడ్డు దాకా వచ్చాడు.

మధ్యాహ్నానికి సావుకారు వచ్చాడు. ఆయన అడగదలచుకున్నది ఒక్కటే. లారీలో లోపమా, డ్రైవరు నీళ్లు పోయకుండా తోలాడా? లోపమైతే షెడ్డు తప్పు, లేకపోతే డ్రైవరు తప్పు. ఇంజను కాల్చిన డ్రైవరని ఒకసారి పేరు పడితే లారీల స్టాండులో ఇంకెవరూ తాళాలివ్వరు. అది అక్కడున్న అందరికీ తెలుసు. డ్రైవరు ఇంట్లో నలుగురు పిల్లలున్నారు.

పెద్ద మేస్త్రీ నా వైపు తిరిగాడు. "నా కళ్లు సరిగా లేవు. సూసినోడివి నువ్వు. సెప్పు, కారిందా?"

నేను చెప్పిన మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "బూడిద తడవలేదండి."

అబద్ధం కాదు చూడండి. నా జన్మలో నేను చెప్పిన వాటిలో ఒక్క వెంట్రుకవాసి కూడా పెంచకుండా చెప్పిన మాట అదొక్కటే.

అంతటితో అయిపోలేదు. సావుకారు ముందరే పెద్ద మేస్త్రీ రేడియేటరు పై మూత ఊడదీయించాడు. లోపలినుంచి ఉడికిన ఉలవల వాసన గుప్పుమంది. గొట్టాల నోళ్లన్నీ గోధుమరంగు ముద్దతో పూడిపోయాయి. పెద్ద మేస్త్రీ వేలితో కాస్త తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఎవుడేసినాడిది?" అన్నాడు. ఎవరి వైపూ చూడలేదు, చూసినా కనబడేది కాదు.

సావుకారు డ్రైవరును అడిగాడు. డ్రైవరు తను వేయలేదన్నాడు. మరెవరు వేశారని మళ్లీ అడిగితే, "ఏసినోడికి తెల్దా బాబూ" అన్నాడు. బండి నీ చేతిలో ఉండగా నీకు తెలియకుండా దాని కడుపులోకి ఏం వెళుతుంది అన్నాడు సావుకారు. నేను ఒక స్పానరు తీసుకుని గుడ్డతో తుడుస్తున్నాను. అది శుభ్రంగానే ఉంది.

డ్రైవరు తాళాలు సావుకారు కారు బోనెట్టు మీద పెట్టాడు. క్యాబినులోంచి లుంగీ, తలగడ తీసుకున్నాడు. కొక్కేనికి వేలాడుతున్న బొక్కెన ఆయన సొంతది. దాన్ని తీసి, షెడ్డు కుళాయి కింద నింపి, లారీ ముందు చక్రం పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు రేడియేటరు కడిగి, పిండి అంతా పోయాక, తొట్టిలో ముంచాం. సైకిలు పంపుతో గాలి కొట్టడం మొదలెట్టగానే నా వేలు దానంతటదే వెళ్లి ఆ కింది మూలలో ఆగింది. "ఇదుగో" అన్నాను. అన్నాకే బుడగ వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు భలే అన్నారు. పెద్ద మేస్త్రీ బుడగ శబ్దం విన్నాడు. నా మాట దానికంటే ముందు వినబడిందని కూడా ఆయనకు తెలిసింది. "బుడగ రాకముందే ఏలెట్టినావు" అని, తొట్టి దగ్గరనుంచి లేచి వెళ్లి బీడీ ముట్టించుకున్నాడు. నన్ను వెళ్లగొట్టాల్సిన మనిషి, ఏడాది తిరిగేసరికి షెడ్డు నాకే అప్పగించాడు. కళ్లు పోయినవాడికి ఇంకో మేస్త్రీ ఎక్కడ దొరుకుతాడు? ఆ రోజు తర్వాత ఆయన నాతో పనికి అవసరమైన మాటలు తప్ప మాట్లాడలేదు.

చిల్లు దొరికాక డ్రైవరును మళ్లీ పిలవొచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ అనుకున్నాను. సావుకారు దగ్గరికి వెళ్లాను కూడా. చిల్లు ఉన్న మాట నిజమేనని చెప్పాను. మరి పిండి? అన్నాడాయన. చిల్లు దాచడానికి పిండి పోసి ఇంజను కాల్చినవాడికి తాళాలు ఎలా ఇస్తానన్నాడు. అక్కడ నేను ఒక్క మాట అనాల్సి ఉంది. దాహం వేస్తోందని మంచినీళ్లు అడిగాను, తాగి వచ్చేశాను.

స్టాండులో ఎవరూ ఆయనకు లారీ ఇవ్వలేదు. ఆరునెలలు చూసి, స్టేషను దగ్గర అద్దె రిక్షా తొక్కడం మొదలెట్టాడు. బియ్యం బస్తాల లారీని అన్నేళ్లు కొండెక్కించిన మనిషి కోట దగ్గరి చిన్న ఎత్తుకు కూడా దిగి రిక్షా నెట్టేవాడు. మా ఆవిడ ఆయన రిక్షా తప్ప ఎక్కేది కాదు. నేను పక్కన ఉంటే నాకు నడక మంచిదని చెప్పి వెనకాలే నడిచి వచ్చేవాణ్ని. ఆయన ఎప్పుడు కనబడినా, "బాగున్నావా బావా" అనే అడిగేవాడు. అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికేవాణ్ని. ఉంటే నాకు కాస్త సుఖంగా ఉండేది. పోయేదాకా ఆయనకు ఆ పిండి సంగతి తెలియదు. ఒక్క పిడికెడు, ఒక్కసారి, మంచి జరుగుతుందనే వేశాను. నన్ను ఆయన అనుమానించలేదన్నదే ఇన్నేళ్లూ నాకున్న ఊరట.

ఇంతవరకూ రాసి, మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ చాటలో కందికాయలు ఒలుస్తూ వింది. మేస్త్రీలు ముగ్గురు కాదని రాసిన చోట నవ్వింది కూడా. అయ్యాక కూడా కాయలు ఒలుస్తూనే ఉంది. బాగుందా అని అడిగాను.

"పిడికెడు కాదు" అంది. "మానిక. అదీ ఒక్కసారి కాదు. అన్న లారీ తెచ్చిన మూడుసార్లూ పట్టుకెల్లినావు. కొలిసి ఇచ్చినదాన్ని నాను."

యాభై ఏళ్ల కిందటి కొలతలు ఎవరికి గుర్తుంటాయన్నాను.

"నాకున్నాయి. ఆకరిసారి ఇంట్లో పిండి అయిపోనాది. బేగి ఇసిరి ఎట్టమని సెప్పి నువ్వు తానానికి ఎల్లినావు. నాను తిరగలి కాడ కూకున్నాను. ఘాటీకి పోయేముందు అంబలి తాగుదామని అన్న వొచ్చినాడు. ఒక్కదానివే ఏటి ఇసురుతావని ఎదురుగా కూకుని తనూ పిడి పట్టినాడు. ఇన్ని ఉలవలు ఎందుకే సెల్లీ అంటే, నీ లారీకేనన్నా అని సెప్పినాను."

ఒలిచిన గింజలు గిన్నెలో పోసి, చాట పక్కన పెట్టింది.

"తిరగలి ఆపీసినాడు. కూసేపు సూసి, బావ ఏస్తన్నాడంటే తెలిసే ఏస్తాడులే అని మల్లీ తిప్పినాడు. ఆ పిండి సగం అన్న ఇసిరినదే. ఆయనకి తెల్దని రాసినావు సూడు, అది కొట్టీ."